పన్నెండు బకెట్ల మంచినీళ్ళు

“ఒక్క చేప చాలన్నానా, లేదా?”

“అన్నావు. మంగళవారం నుంచీ అంటూనే ఉన్నావు.”

“మరి సంచిలో మూడెందుకున్నాయి?”

“మీ అక్క మూడిచ్చింది గనక.”

ఉదయం ఆరింటికల్లా ఫిగైరా రేవు దాటాలన్నది వాళ్ళ పథకం. ఏడున్నరయినా అమిల్కార్, సెలెస్త ఇంకా వంటింట్లోనే ఉన్నారు. బల్ల మీద మూడు ఎండు ఉప్పుచేపలు పడి ఉన్నాయి. ఒక్కొక్కటీ మూరెడు పొడుగు, తలుపు చెక్కంత గట్టి. పడవలో ప్రతి కిలో బరువూ లెక్కేనని అమిల్కార్ వాదన. ఆదివారం తమ పెళ్ళిరోజనీ, పెళ్ళిరోజున డబ్బా చేపలు తినే ఇల్లాలిని తాను కాననీ సెలెస్త వాదన. చివరికి ఒకటే పెడతానని ఆమె ఒప్పుకుంది. అతను బూట్లు తొడుక్కోవడానికి వెళ్ళగానే మిగతా రెండూ దుప్పట్ల మధ్య సర్దేసింది.

అమిల్కార్ ముప్పై ఎనిమిదేళ్ళు తలుపులు, కిటికీలు చేసి బతికినవాడు. సెలెస్త కర్టెన్లు కుట్టేది. పదకొండేళ్ళు కష్టపడి, పెరట్లో అతను పడవ చేశాడు, ఆమె తెరచాపలు కుట్టింది. పడవకు ‘పసియెన్సియా’ అని, అంటే ఓర్పు అని పేరు పెట్టారు. చూడవచ్చిన వాళ్ళందరితోనూ సెలెస్త “అది ఆయన పిచ్చి, నాకేం సంబంధం?” అనేది. ఇప్పుడు ఆ పడవలో పోర్టో సాంతో దీవికి వెళ్తున్నారు. మహాసముద్రం మీద వారం ప్రయాణం. ఇంతకుముందు ఇద్దరూ చేసిన అతి పెద్ద సముద్రయానం రేవు గోడ దాకా వెళ్ళి వెనక్కి రావడమే.

వాళ్ళ కూతురు నొయేమియా ఆసుపత్రిలో నర్సు. మాట మీద నిలబడేది, ఎదుటివాళ్ళను నిలబెట్టేది. “వెళ్ళండి, కాదనను. కానీ ఒక్క షరతు. ఎవరో ఒకరు వచ్చి మిమ్మల్ని కాపాడాల్సి వచ్చిందా, ఆ పడవ అమ్మేస్తున్నాం. సరేనా?” అని తల్లిదండ్రులిద్దరి చేతా తలూపించుకుంది. కొనేవాడిని కూడా సిద్ధంగా పెట్టింది. వాడికి బీచి దగ్గర కాల్చిన చేపల హోటలుంది. పడవను గుమ్మం ముందు నిలబెట్టి, అందులో నాలుగు బల్లలు వేయిస్తానన్నాడు. తెరచాపలు ఎండకు పందిరిగా పనికొస్తాయట.

రేవులో వీడ్కోలు చెప్పడానికి అమిల్కార్ అక్క దియోలింద వచ్చింది. ఆమె చనిపోయిన భర్త ఇరవై ఏళ్ళు గ్రీన్లాండ్ దాకా వెళ్ళి ఆ చేపలే పట్టి, ఉప్పేసి తెచ్చినవాడు. వాటి విషయంలో ఆ వాడకట్టులో ఆమె మాటే ఆఖరు మాట. ఆవిడ మరదల్ని పక్కకు లాగింది.

“చూడు సెలెస్తా, రెండు రోజులు నానాలి. నీళ్ళు ఎన్నిసార్లు మారిస్తే అంత మంచిది. ఆ పని మావాడికి చెప్పకు. మగాడు, వాడికేం తెలుసు?”

“నాకు తెలీదా వదినా? నేను చూసుకుంటాను.”

తర్వాత ఆవిడ తమ్ముణ్ణి కావలించుకుని, చెవిలో గుసగుసలాడింది. “చేపలో నీళ్ళు నువ్వే మార్చు నాయనా. మీ ఆవిడ మంచిదే గానీ, మతిమరుపు మనిషి. పెళ్ళిరోజు పూట ఉప్పురాయి తింటావు, చెప్తున్నా.”

పడవ కదిలింది. మొదటి రోజంతా సెలెస్తకు కడుపులో తిప్పింది. రెండో రోజు ఉదయానికి తేలికపడింది. బకెట్లో చేపలు వేసి, కాలితో తొక్కే పంపు తొక్కి, మంచినీళ్ళు నింపింది. బకెట్లో ఎన్ని చేపలున్నాయో కనబడకుండా పైన మూత పెట్టింది.

పడవలో ఇద్దరే అయితే కాపలా వంతులు తప్పవు. నాలుగు గంటలు ఒకరు పైన కూర్చుంటే, నాలుగు గంటలు ఇంకొకరు కింద నిద్ర. ఒకే పడవలో ఉన్నా, కాఫీ కప్పు చేతులు మారేటప్పుడు తప్ప మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సెలెస్త తన వంతు ముగియగానే బకెట్ సముద్రంలో పారబోసి కొత్త నీళ్ళు పోసేది. తన వంతులో అమిల్కార్ చప్పుడు చేయకుండా కిందికి దిగి, “పాపం, మరిచిపోయింది” అనుకుని మళ్ళీ పారబోసి మళ్ళీ పోసేవాడు. భార్యకు తెలియకుండా చేస్తున్న సేవ కాబట్టి అతనికి అదో తృప్తి. మూత తీసినప్పుడు మూడు చేపలు కనబడ్డా కిక్కురుమనలేదు. నోరెత్తితే తన సేవ బయటపడుతుంది మరి.

శనివారం ఉదయం వంతు సెలెస్తది. ఉత్తరపు గాలి నిలకడగా వీస్తోంది. చుక్కానిని గాలే చూసుకుంటోంది. తాను మూడు వరసల కుట్టు వేసిన తెరచాప నిండుగా పొంగి ఉంది. కనుచూపు మేర ఎక్కడా కిటికీ అన్నది లేదు, కర్టెను కొలతలు అడిగేవాళ్ళు లేరు. ఆమె రొట్టె ముక్క తింటూ, ఇలాగే ఇంకా ఎంత దూరం పోవచ్చో అని ఆలోచించింది. వెంటనే, అది ఆయన పిచ్చి కదా అని గుర్తొచ్చి, ఆలోచన మానేసింది. రొట్టె తినడం మాత్రం మానలేదు.

ఆదివారం ఉదయం బంగాళాదుంపలు కడుగుదామని ఆమె పంపు తొక్కింది. కుళాయి దగ్గింది. మళ్ళీ తొక్కింది. ఒక చుక్క రాలి, ఉస్సుమని గాలి వచ్చింది.

“అమిల్కార్! ట్యాంకు కారుతోందా?”

“నేను చేసిన ట్యాంకా? కారడమా?” అతను నేల పలకలెత్తి చూశాడు. అడుగున చెక్కపొడి తప్ప తడి లేదు. “నూట ఇరవై లీటర్లు! ఏనుగేమైనా ఎక్కిందా పడవ? నువ్వేమైనా తలంటుకున్నావా?”

“పళ్ళు కూడా సగం గ్లాసుతో తోముకున్నాను. చేపకు తప్ప వాడలేదు. వంతుకోసారి మార్చాను, అంతే.”

అమిల్కార్ నేల మీదే కూర్చుండిపోయాడు.

“నువ్వూ మార్చావా?” అన్నాడు మెల్లగా.

“నువ్వూ అంటే ఏంటి? నువ్వూ... అంటే ఏంటి అమిల్కార్?”

వేళ్ళ మీద లెక్కపెట్టారు. పన్నెండు వంతులు, పన్నెండు బకెట్లు. సముద్రం నడిబొడ్డున, నీళ్ళు తాగకుండా, చేపకు స్నానాలు చేయించారు. తాగడానికి మిగిలింది రెండు లీటర్ల సీసా ఒకటి. దియోలింద ఇచ్చిన వైను మాత్రం పది లీటర్లుంది. సెలెస్త చేప ముక్క ఒకటి గిల్లి నోట్లో వేసుకుంది. కాగితంలా ఉంది, ఉప్పు లేదు, రుచి లేదు. చేపే ఉప్పు కదా అని ఆమె ఉప్పు డబ్బా ఇంటి దగ్గరే వదిలేసి వచ్చింది.

“ఇంకా మూడు రోజులుంది. వెనక్కి తిరుగుదామా?” అన్నాడు అమిల్కార్.

“తిరిగి, నొయేమియాకు ఏం చెప్తావు? దాహమేసిందనా?”

“రేడియోలో అడుగుదాం.”

“అడుగు. ఫిగైరాలో వీధికొకడు రేడియో చెవికి కట్టుకుని కూర్చుంటాడు. మనం అడిగిన నీళ్ళు మన నోట్లో పడేలోగా మన పడవలో హోటలు బల్లలు పడతాయి.”

సరిగ్గా అప్పుడే తూర్పు దిక్కున ఒక చేపల పడవ కనబడింది. పొడవాటి గాలపు తాడును సముద్రంలోంచి లాగుకుంటోంది. పక్కింటికి వెళ్ళి పంచదార అడిగినట్టు అడుగుదామని సెలెస్త తేల్చింది. పావు మైలు దూరం దాకా వెళ్ళారు. ఆ పడవ ఇంజను మోతలో కేకలు వినబడవని, అమిల్కార్ చేతులతోనే చెప్పాడు. ఖాళీ క్యాను తలకిందులు చేసి ఊపాడు. కింద ట్యాంకున్న వైపు పదే పదే వేలు చూపించాడు. రెండు చేతులూ జోడించాడు. ఆ వెనకాలే సెలెస్త, ఇక ఈ చేపకంపు నీళ్ళెందుకని ఒళ్ళు మండి, చేపలు తీసి పక్కన పెట్టి, బకెట్ ఎత్తి సముద్రంలోకి విసురుగా పారబోసింది.

చేపల పడవ యజమాని జెఫెరీనో నలభై ఏళ్ళుగా సముద్రం మీద ఉన్నవాడు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒకడు పడవ అడుగు చూపిస్తూ దండాలు పెడుతున్నాడు, ఒకామె బకెట్‌తో నీళ్ళు తోడిపోస్తోంది. అతనికి ఇంకేం విప్పి చెప్పాలి? గాలపు తాడు సగంలో వదిలేసి, పడవ గిర్రున తిప్పాడు. తీరంలోని రక్షణ కేంద్రానికి రేడియోలో చెప్పేశాడు. పడవ పక్కకు వచ్చాక ఇంజను ఆపి, తోడుగా ఒక మనిషినీ, మోటారు పంపునూ తీసుకుని ‘పసియెన్సియా’లోకి దూకాడు.

“పెద్దాయనా, నీళ్ళెక్కడ?”

“అదేగా మేమడిగేది!” అన్నాడు అమిల్కార్.

“లోపలికి ఎంత వచ్చాయి?”

“ఒక్క చుక్క రాలేదు నాయనా, అదే మా బాధ.”

జెఫెరీనో నేల పలకలెత్తాడు, ముక్కు పెట్టి చూశాడు, వేలు పెట్టి రాశాడు. వేలికి దుమ్ము అంటింది. అతను దుమ్మును చూశాడు, ఖాళీ బకెట్‌ను చూశాడు, మూడు చేపలను చూశాడు. సెలెస్త జరిగింది చెప్పింది. జెఫెరీనో తోడొచ్చిన మనిషి నవ్వాపుకోలేక తెరచాప కొయ్య పట్టుకుని కూలబడ్డాడు.

ఇంతలో జెఫెరీనో పడవలో ఉపగ్రహ ఫోను మోగింది. అక్కడున్న మనిషి ఫోను ఇటు అందించాడు. రక్షణ కేంద్రం వాళ్ళు నొయేమియాకు అప్పటికే కబురు చేసేశారు.

“అమ్మా! బతికున్నారా? నాన్నేడి? పడవ మునిగిపోయిందా?”

“మునగలేదే. మేం బానే ఉన్నాం. భోజనానికి కూర్చోబోతున్నాం.”

“నువ్వు కంగారులో ఏదో మాట్లాడుతున్నావు. అత్త చర్చికి పోయి కొవ్వొత్తులు వెలిగించింది. అందరం అత్తావాళ్ళింట్లోనే ఉన్నాం. అమ్మా, షరతు షరతే. హోటలాయన రేపు వస్తానన్నాడు.”

“కాసేపాగి చేస్తాను,” అని సెలెస్త పెట్టేసింది. తను కుట్టిన తెరచాప కింద ఎవరో కూర్చుని సార్డీను చేపల ముళ్ళు తీసుకుంటున్నట్టు కళ్ళకు కట్టింది. పదకొండేళ్ళలో మొదటిసారి, ఆ పిచ్చి ఆయనొక్కడిదే కాదని ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది.

వచ్చినవాళ్ళను తిండి పెట్టకుండా పంపడం ఎలాగూ కుదరదు. ఆమె సముద్రపు నీళ్ళే తోడి, అందులోనే బంగాళాదుంపలు తొక్కతో ఉడికించి, ఆఖర్న చేప ముక్కలు వేసింది. ఆలివు నూనె, వెల్లుల్లి పైన పోసింది. పద్దెనిమిది రోజులుగా మకరోనీ తింటున్న జెఫెరీనో మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నాడు.

“అమ్మగారూ, మా ఆవిడ కూడా ఇంత సరిగ్గా ఉప్పు వేయదు.”

“నేను వేయలేదు బాబూ. సముద్రానిదే ఆ చేతిమహిమ.”

అవతలి పడవలో ఉన్నవాణ్ణి కూడా పిలిచారు. వైను తెరిచారు. ముప్పై అయిదేళ్ళ కాపురానికి దీవెనలు అందాయి. గంట గడిచింది. జెఫెరీనో నాలుగు క్యాన్ల మంచినీళ్ళు ఇటు అందించి, తన పడవెక్కి ఇంజను తిప్పాడు. పడవ అడుగున గర్రుమని చప్పుడు వచ్చి, మోటారు ఆగిపోయింది. తొందరలో సగంలో వదిలేసిన గాలపు తాడు, వీళ్ళు భోంచేస్తున్నంతసేపూ తేలుకుంటూ వచ్చి పడవ కింద చేరింది. ఇప్పుడు పడవను నడిపే పంకాకు, కండెకు నూలులా చుట్టుకుంది.

జెఫెరీనో వంగి చూసి, టోపీ తీసి నేలకేసి కొట్టాడు. అతని తమ్ముడి పడవ దక్షిణాన ఎనిమిది మైళ్ళ దూరంలో ఉంది. అయితే తమ్ముడు తన తాడు లాగుకోకుండా కదలలేడు. సాయంత్రం మబ్బు పట్టేలా ఉంది.

“మేం వెళ్ళేదీ దక్షిణానికే,” అంది సెలెస్త. “తాడు విసురు.”

“ఈ పడవా? నా పడవను లాగడమా? అమ్మగారూ, ఇవి తెరచాపలా, కర్టెన్లా? అంచులు మడిచి కుట్టారు!”

“నలభై ఏళ్ళలో నా అంచు ఊడిందని ఒక్క ఇల్లాలు కూడా అనలేదు. విసురు తాడు.”

అమిల్కార్ భార్య మొహం చూసి తాడు కట్టాడు. సెలెస్త చుక్కాని పట్టుకుంది. తెరచాప నిండింది, తాడు బిగిసింది, ‘పసియెన్సియా’ ఒక్కసారి మూలిగింది. అతుకులన్నీ తలుపుల వాడి అతుకులు, ఒక్కటీ కదల్లేదు. మెల్లగా, ముసలామె బజారుకు వెళ్ళినంత మెల్లగా, వెనకాల పెద్ద పడవను లాగుకుంటూ సాగింది. అయిదు గంటలు పట్టింది. పొద్దు ఇంకా ఉండగానే తమ్ముడి పడవ చేరారు. ఆ అయిదు గంటలూ సెలెస్త చుక్కాని ఎవరికీ ఇవ్వలేదు.

జరిగింది జరిగినట్టు రక్షణ కేంద్రానికి జెఫెరీనోయే చెప్పుకోవలసి వచ్చింది. ప్రమాదంలో పడింది తన పడవ, లాగి కాపాడింది ‘పసియెన్సియా’ అని రాయించాడు. తర్వాత సెలెస్త ఫోనడిగింది. అటువైపు దియోలింద ఇంట్లో అందరికీ వినబడేలా పెట్టమంది. జెఫెరీనో గొంతు సవరించుకుని, సంగతంతా మళ్ళీ ఒకసారి అప్పజెప్పాడు.

“అంటే... మిమ్మల్ని ఎవరూ కాపాడలేదా?” నొయేమియా గొంతు చిన్నబోయింది.

“లేదు తల్లీ,” అంది సెలెస్త. “షరతు షరతే కదా, హోటలాయన్ని రావద్దని చెప్పు. ఇంకో మాట, అందరూ వినండి. పోర్టో సాంతో నుంచి మేం వెనక్కి రావడం లేదు. అక్కణ్ణుంచి కనారీ దీవులకు, అక్కణ్ణుంచి గాలి ఎటుంటే అటు. వచ్చే వేసవి దాకా ఇంటికి రాం. మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉండండి. మేమిద్దరం బాగా ఆలోచించుకునే నిర్ణయించుకున్నాం.”

ఆ సంగతి అమిల్కార్‌కు కూడా అప్పుడే తెలిసింది.