గోల్కొండ ఖడ్గం డిపాజిట్

మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని బద్రీనాథ్ ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఖడ్గాన్ని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి, ఫొటో దిగి, ధాన్యం లారీలు వచ్చేలోగా మిల్లుకు చేరుకోవాలి. ఎన్నికలొస్తే చాలు, భూస్వామి ప్రభాకర్ రెడ్డి తన లైసెన్సు తుపాకీని స్టేషన్లో అప్పగించడం, ఆ ఫొటో ఊళ్లోని ఫోన్లన్నీ తిరగడం! చూసి చూసి బద్రీనాథ్‌కు కడుపు మండిపోయింది. తుపాకీ లేకపోతేనేం, తన దగ్గర ఏడు ఖడ్గాలున్నాయి. వాటిలో పెద్దది, తన పూర్వీకుడు సైన్యానికి బియ్యం పంపితే గోల్కొండ సుల్తాను మెచ్చి ఇచ్చింది. దాన్ని కోదాడ బైపాస్ పక్కన కొన్న సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

"మిమ్మల్ని ఎవరడిగిన్రు? ఇంట్ల పడి ఉంటది గదా!" అంది భార్య ఆండాళు.

"నీకు తెల్వదు, ఊకో," అని ఖడ్గానికి బంతిపూల దండ వేసి బయలుదేరాడు.

ఎస్సై జగదీష్ దండనూ ఖడ్గాన్నీ మార్చి మార్చి చూశాడు. "లైసెన్సేది?"

"సుల్తాన్ ఇచ్చినదానికి లైసెన్సేంది సార్?"

"తొమ్మిది అంగుళాలు దాటిన పదును కత్తి ఉంటే లైసెన్సు కావాలె."

"తొమ్మిదేంది సార్, మూడడుగులుంటది! ముట్టుకుంటే వేలు తెగుతది! గిసొంటివి ఇంట్ల ఇంకో ఆరున్నయ్!" అన్నాడు బద్రీనాథ్ గర్వంగా.

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. అరగంటలో జీపు ఆ ఆరింటినీ మోసుకొచ్చింది. ఒకదానికి ఆండాళు కర్టెన్ ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆయుధాల చట్టం కింద కేసని వినేసరికి బద్రీనాథ్ మాట మార్చాడు. "నాలుగొందల ఏండ్ల పాతవి సార్! ఇవి ఆయుధాలెట్లయితయ్?"

పాతవో కావో తేల్చడానికి సూర్యాపేట నుంచి పురావస్తు నిపుణురాలు హిమజను పిలిపించారు. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసి, పెద్దదాని అంచు మీద వేలితో గట్టిగా రాసింది. వేలు తెగలేదు.

"సార్, ఇవన్నీ లారీకి స్ప్రింగుల్లెక్క వేసే కమాన్ పట్టీలు. సాగగొట్టి పిడి పెట్టిన్రు. పదేండ్లు కూడ అయి ఉండవ్. పదునంటారా, దోసకాయ కూడ తెగదు."

"అయితే ఆయుధాలే కావు," అని ఎస్సై కాగితాలు చింపేశాడు. "కేసు లేదు సేటూ, తీస్కపోండి."

పక్క బల్ల దగ్గర తుపాకీ అప్పగించి రసీదు రాయించుకుంటున్న ప్రభాకర్ రెడ్డి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వినగానే బద్రీనాథ్‌కు ప్రాణం పోయినంత పనైంది. జైలుకైనా పోవచ్చు గానీ, రేపు మార్కెట్ యార్డులో తల ఎలా ఎత్తుకోవాలి?

"సార్, జర మల్ల సూడుండ్రి. ఇవి ఆయుధాలే. నా మీద కేసు రాయుండ్రి, మీకు దండం పెడ్త!"

"కుదరదు."

బద్రీనాథ్ ఎస్సైని వరండాలోకి తీసుకెళ్లి, అటూ ఇటూ చూసి, చేతిలో ఒక కవరు పెట్టాడు.

సాయంత్రానికి ఆయన కోరిక తీరింది. తన మీద కేసు పెట్టమని పోలీసుకు లంచం ఇవ్వబోయినందుకు కేసు నమోదైంది.