కాలర్‌లో జవాబులు

పెద్ద వరదకు వంతెన కొట్టుకుపోయిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. అప్పటికింకా ఆ వీధి గోడల మీద నీటి చార పోలేదు. కుట్టు కొట్లో అది సరిగ్గా మిషను చక్రం ఎత్తున ఉండేది. కొత్త వంతెన లేచేదాకా సరుకంతా పడవ మీదే రావాలి. పడవవాడికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వచ్చేది.

ఆ కొట్టు టైలరును వీధిలో అందరూ రెండుముక్కల తాత అనేవారు. ఎవరేమడిగినా రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. "రేపు రా." "గుడ్డ చాలదు." "గుడ్డ కాదు, నువ్వే లావయ్యావు" అన్ననాడు మాత్రం జ్వరం తగిలిందేమోనని ఆయన భార్య, బామ్మ, నుదురు పట్టుకు చూసింది. ఆయన ఆదా చేసిన మాటలన్నీ బామ్మే ఖర్చుపెట్టేది.

ఆ రోజు పొద్దున తాత వేసుకున్న పథకం చిన్నది. వచ్చిన పనేదో మధ్యాహ్నానికి ముగించి, కత్తిరింపుల బల్ల మీద కాసేపు నడుం వాల్చాలి. అంతే.

కొట్టు తీయగానే బడి టీచరమ్మ వచ్చింది. ఆ ఏడే చేరిన అమ్మాయి. సంచి చెవులు రెండూ ఊడిపోయాయి. సంచిలో ఉన్నదంతా బల్ల మీద కుమ్మరించి, తాత చెవులు కుట్టిచ్చేదాకా నిలబడి, మళ్ళీ అంతా సంచిలో కుక్కుకుని, బడి గంట వినబడేసరికి పరుగెత్తింది. కుక్కినదాంట్లో ఒక్క కాగితం తక్కువైంది. అది ఆమె చూసుకోలేదు.

తరవాత ఒక పొడుగాటి పెద్దమనిషి వచ్చాడు. వీధికి కొత్త. కోటు విప్పి బల్ల మీద పడేశాడు.

"కాలర్ వేలాడిపోతోంది. మార్చాలి. రేపు పొద్దున్నే నాకు పదిమందిలో పని. గోడలా నిలబడాలి, తెలిసిందా?"

"మూడింటికి రండి," అన్నాడు తాత.

కాలర్ విప్పాక చూస్తే, లోపల పెట్టే గట్టి గుడ్డ, బక్రం, కొట్లో అంగుళం కూడా లేదు. పడవేమో రాలేదు. తాత చుట్టూ చూశాడు. బల్ల చివర పోయినేటి క్యాలెండర్ కాగితం ఒకటి పడి ఉంది. దళసరిగా, నునుపుగా, బక్రానికి తమ్ముడిలా ఉంది. పైకి అంకెలే కనిపిస్తున్నాయి. పోయినేటి తారీఖులతో ఇప్పుడెవరికి పని? వెనక్కి తిప్పైనా చూడకుండా కాలర్ కొలతకు మడిచి, లోపల పెట్టి కుట్టేశాడు. మూడింటికి పెద్దమనిషి వచ్చి తొడుక్కున్నాడు. కాలర్ గోడలాగే నిలబడింది. ఆయన మెడ తిప్పినప్పుడు చిన్నగా కరకరమంది గానీ, కొత్తది కదా అని ఇద్దరూ ఊరుకున్నారు.

నాలుగున్నరకు టీచరమ్మ రొప్పుతూ వచ్చింది.

"తాతగారూ, పొద్దున ఇక్కడ క్యాలెండర్ కాగితమొకటి మర్చిపోయానా? దాని వెనక ఇరవై జవాబులు రాసి ఉన్నాయి!"

తాత పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. అవి తీయబోయి ఆగిపోయాడు.

"రేపు ఇన్‌స్పెక్టరొస్తున్నారు. మూడో తరగతికి ఏటా అవే ఇరవై ఇంగ్లీషు గ్రామర్ ప్రశ్నలట. అన్నీ మెలికలే. సగం నాకే అనుమానం. రోజంతా పడవలో, బస్సులో పడి మా పాత మాస్టారి దగ్గరికెళ్ళి రాయించుకొచ్చాను. పిల్లలు తప్పులు చెబితే నా ఉద్యోగం పర్మనెంటు కాదు. నెలాఖరుకు మూటాముల్లే సర్దుకోవడమే."

"ఉంది," అన్నాడు తాత. అబద్ధం కాదు. ఉండడం మాత్రం ఉంది.

"ఉండక ఎక్కడికి పోతుందమ్మా!" బామ్మ లోపల్నుంచే అందుకుంది. "ఈయన చేతిలో పడ్డ వస్తువు పోవడమన్నది లేదు. ఓ గంటాగి రా, చేతిలో పెట్టేస్తాం."

టీచరమ్మ దణ్ణం పెట్టినంత పనిచేసి వెళ్ళింది. బామ్మ బయటికొచ్చి చెయ్యి చాపింది.

"ఏదండీ కాగితం?"

"కాలర్‌లో ఉంది."

"ఎవరి కాలర్‌లో?"

"పొడుగాటాయన."

"ఆయనెక్కడ?"

"తెలీదు నాకు."

బామ్మకు పెళ్ళయ్యాక మొదటిసారి మాట పడిపోయింది. అంతలో మూడో తరగతి చదివే మనవరాలు బడి సంచి దించుతూ, "ప్రశ్నలు నా నోటుబుక్కులో ఉన్నాయిగా తాతయ్యా! జవాబులు మనమే రాసేద్దాం. మా క్లాసోళ్ళని పిలుచుకొస్తా," అంది. తాత వద్దనేలోగా, వద్దనడానికి ఒక ముక్క చాలు గానీ ఆయనకు అదీ ఆలస్యమే, పిల్ల వీధి మలుపు తిరిగిపోయింది.

పావుగంటలో పద్నాలుగు మంది పిల్లలు కొట్లో చేరారు. మొదటి మూడు ప్రశ్నలు సాఫీగా సాగాయి. నాలుగో దాని దగ్గర యుద్ధం మొదలైంది. "ఈచ్ ఆఫ్ ద బాయ్స్" అని ఉంటే, ఒక్కడికి వాడే "ఈజ్" పెట్టాలా, పదిమందికి వాడే "ఆర్" పెట్టాలా? పిల్లలు రెండు జట్లయ్యారు. అరుపులకు బేకరీ ఆయన పిండి చేతులతోనే వచ్చాడు.

"బాయ్స్ అంటే బోలెడుమంది కదర్రా. ఆర్ పెట్టండి. మా కొట్టు బోర్డు సగం ఇంగ్లీషే, నాకు తెలీదా?"

"బోర్డు మీద ఆర్ ఎక్కడుందయ్యా?" అన్నాడు ఉత్తరాలు పంచడానికొచ్చిన పోస్ట్‌మాన్. "రోజుకు రెండొందల ఇంగ్లీషు అడ్రసులు చదువుతాను. ఈజే."

"అడ్రసుల్లో ఈజ్ ఉంటుందేంటి?"

"నీ రొట్టెల్లో ఉంటుందా మరి?"

ఆపైన పిల్లల్ని వెతుక్కుంటూ తల్లులొచ్చారు. తల్లులు రాలేదేమని తండ్రులొచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక జవాబుంది. తెలీదన్నవాడు ఒక్కడూ లేడు, తాత తప్ప. ఆయన్ను ఎవరూ అడగలేదు. తాత చదివింది మూడో తరగతి దాకానే. అందులోనూ ఇంగ్లీషు లేదు. కానీ ఆ అమ్మాయి మూటాముల్లే సర్దుకుంటున్నట్టు కళ్ళకు కడుతుంటే ఊరుకోలేకపోయాడు. చేతిలో చొక్కా ఎత్తి మనవరాలికి చూపించాడు.

"గుండీలెన్ని?"

"ఆరు."

"సూది?"

"ఒక్కోదానికి విడిగా దిగుతుంది కదా తాతయ్యా..." పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "ఓ! బాయ్స్ ఎంతమందైనా ఈచ్ అంటే ఒక్కొక్కడే! అయితే ఈజ్!"

సరిగ్గా అప్పుడే గుమ్మంలో కరకరమని చప్పుడైంది. పొడుగాటాయన. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమయ్యా, నా మెడలో ఎలుకను పెట్టి కుట్టావా? తల తిప్పితే చాలు, హోటల్లో అందరూ బల్లల కింద వెతుకుతున్నారు!"

తాత ప్రాణం లేచొచ్చింది. కోటు కోసం చెయ్యి చాపాడు. కానీ బేకరీ ఆయన అడ్డమొచ్చాడు. "అయ్యా, మిమ్మల్ని చూస్తే చదువుకున్నవారిలా ఉన్నారు. ఈ జవాబులు కాస్త తేల్చి పొండి."

పెద్దమనిషికి కోపం చల్లారిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మనవరాలు గోడకున్న క్యాలెండర్లోంచి పోయిన నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి పెన్సిలు పట్టుకుంది. ఆయన ఇరవై జవాబులూ ఇరవై గుటకల్లా గడగడ చెప్పేశాడు.

"నాలుగోది ఈజ్ కాదా అండీ?" అంది పిల్ల.

"ఆర్," అన్నాడాయన. "రాయి. పెద్దవాళ్ళు చెప్పినప్పుడు ఎదురు చెప్పకు."

ఈలోగా తాత కోటు ఒళ్ళో వేసుకుని కాలర్ కుట్లు పటపటా తెంపేశాడు. మడతలుగా కాగితం బయటికొచ్చింది. దాంతోపాటే టీచరమ్మ లోపలికొచ్చింది.

"నేనే కుట్టేశాను," అన్నాడు తాత తల దించుకుని.

ఆమె కాగితం విప్పి చూసింది. నలిగింది గానీ ఒక్క అక్షరమూ పోలేదు. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. మనవరాలు తను రాసిన కాగితం కూడా అందించింది. టీచరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చూసి కిసుక్కున నవ్వింది.

"ఇరవైకి ఏడు తప్పులా! ఎవరే ఇవి చెప్పింది? ఎవరైనా సరే, రేపొచ్చి మా మూడో తరగతిలో కూర్చోమను. బాగుపడతారు."

బేకరీ ఆయన పిండి చేతులు వెనక్కి దాచుకున్నాడు. పొడుగాటాయన మెల్లగా లేచాడు.

"రేపు మీ మూడో తరగతిలో కూర్చునేది నేనేనమ్మా," అన్నాడు. "ఇన్‌స్పెక్టర్ని."

టీచరమ్మ రెండు కాగితాలూ చటుక్కున బల్ల మీద పెట్టేసింది. బామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మనవరాలి గొంతు ఖణేల్మంది.

"తాతయ్యా, ఈయన జవాబులు చింపెయ్యనా? ఉంచనా? ఏడు తప్పులూ ఎర్ర పెన్సిల్తో దిద్ది, రేపు క్లాసులో అందరికీ చూపించనా?"

ఇన్‌స్పెక్టరు తాతకేసి చూశాడు. తాత ఇన్‌స్పెక్టరుకేసి చూశాడు. తరవాత చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బల్ల సొరుగులో వేసి మూశాడు.

"కోటు రేపిస్తాను," అన్నాడు. కాస్త ఆగి, ఎన్నడూ లేనిది ఇంకో మాట కూడా ఖర్చుపెట్టాడు. "బళ్ళోనే ఇస్తాను. టీచరమ్మ పని అయ్యాక."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి... బాగానే చెబుతున్నట్టుంది," అని, కోటు లేకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికి మూడో తరగతిలో పద్నాలుగు గొంతులు ఒక్కటై "ఈజ్" అన్నాయి. ఎందుకని అడిగితే అందరూ తమ చొక్కాల గుండీలు పట్టుకు చూపించారట. ఇన్‌స్పెక్టరు ఇంకేమీ అడగలేదు. పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టి, వరండాలోకి వచ్చాడు.

అక్కడ తాత కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు తొడుక్కుని మెడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చప్పుడు లేదు. కాలర్ గోడలా నిలబడింది.

"భేష్. బక్రం దొరికిందన్నమాట."

"పడవ రాలేదు."

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నిన్నటి ఆ కాగితం... ఎవరి కంటా పడకుండా..."

"మీ దగ్గరే," అన్నాడు తాత. ఈసారి చప్పుడు రాకుండా దాన్ని తడిపి, నలిపి, ఇస్త్రీ చేసి కుట్టిన సంగతి చెప్పాలంటే రెండు ముక్కలు చాలవు గనక, ఆయన కొట్టుకు పోయి, బల్ల మీద నడుం వాల్చాడు.