డాక్టరు సీటుకు గుంజలు పాతిన శివప్రకాశం

మెడికల్ కాలేజీలో చదవడం కంటే మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టడమే లాభసాటి పని. చదివితే అయిదారేళ్లకు డాక్టరవుతారు. దరఖాస్తు పెడితే ఆ సాయంత్రానికే అవుతారు. కనుక ఎంత ముందుగా పెడితే అంత మంచిది. బిడ్డ పరీక్షలు పాసయ్యేదాకా ఆగి అప్పుడు దరఖాస్తు కోసం పరుగెత్తే తల్లిదండ్రులను చూస్తే జాలేస్తుంది. బిడ్డ పలక పట్టిన రోజున వీళ్లంతా ఏం చేస్తున్నట్టు?

నమ్మకం కుదరలేదా? అయితే అరవనాడులోని గుడియాత్తం నేతగాడు శివప్రకాశం సంగతి వినండి.

శివప్రకాశానికి ముందుచూపు మగ్గం దగ్గరే అబ్బింది. పడుగుకు గంజి పెట్టాలంటే దారాన్ని వీధి పొడుగునా పరిచి లాగి కట్టాలి. వీధి చూస్తే ఒక్కటి, మగ్గాలు చూస్తే ఇంటికొకటి. అందుకని అక్కడొక కట్టుబాటు ఉంది. వేకువనే లేచి ఎవరు ముందు గుంజలు పాతితే ఆ పొద్దుటికి వీధి వాళ్లది. తరవాత లేచినవాడు ఎంతటి పనివాడైనా గంజికుండ పక్కన పెట్టుకొని మర్నాటిదాకా కూర్చోవలసిందే. దీనికి కోర్టు లేదు, అప్పీలు లేదు. దేశానికి స్వతంత్రం వచ్చిన పొద్దున జెండాకర్ర నాటడానికి వచ్చిన పెద్దమనుషులు కూడా శివప్రకాశం గుంజలు చూసి మారు మాట్లాడకుండా పక్కవీధికి వెళ్లిపోయారు.

ఆయన కూతురు చౌడేశ్వరి. ఆ పిల్ల పుట్టినప్పుడు తల్లి రాజాంబాళ్‌కు కాన్పు కష్టమైతే ఎద్దులబండి కట్టి వేలూరుకు తీసుకుపోయారు. పాలారు ఇసుకలో చక్రం దిగబడి బండి ఆగిపోయింది. ఎలాగో చేరారు. ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు తల్లినీ పిల్లనూ దక్కించింది. ఈ బండి కథను చౌడేశ్వరి అన్నంతోపాటు తింటూ పెరిగింది. కాస్త ఊహ వచ్చేసరికి ఆ పిల్లకు ఒకటే పట్టుదల కుదిరింది. తాను డాక్టరై గుడియాత్తంలోనే కూర్చోవాలి. తన వీధి ఆడవాళ్లెవరూ ఇంకెప్పుడూ ఆ బండి ఎక్కకూడదు.

శివప్రకాశం ఆలోచించాడు. సీటంటే ఏమిటి? వీధిలో చోటు లాంటిదే గదా. మర్నాడే బస్సెక్కి వేలూరు పోయి, కచేరీ ఎదుట వేపచెట్టు కింద అర్జీలు రాసే అణ్ణామలై ముందు కూర్చున్నాడు.

"బిడ్డ ఏం చదవతా ఉండాదప్పా?" అని అడిగాడు అణ్ణామలై.

"సెకండ్ ఫారం."

"సెకండ్ ఫారమా! డాక్టరు చదువుకి ఇంకా శానా ఏండ్లుండాది గదప్పా."

"ఉండనీ. నేను గుంజలు పాతేసి పోతాను. పడుగు తరవాత తెస్తాను."

అణ్ణామలై ఇంగ్లీషులో అర్జీ రాశాడు. ఒక మెడికల్ కాలేజీకి పంపారు. ఏ కాలేజీ అంటారా? పేరెందుకులెండి. కొన్నాళ్లకు అక్కడినుంచి కార్డు వచ్చింది. దరఖాస్తు అందిందనీ తగిన కాలంలో పరిశీలిస్తామనీ అందులో ఉంది. ఆ కార్డుకు అద్దం కట్టించి కులదేవత చౌడమ్మ పటం పక్కన తగిలించారు. ఇక లాభాలు చూడండి!

కార్డు వచ్చిన సాయంత్రమే పక్కింటి సుబ్బరాయులు వచ్చాడు. చౌడేశ్వరి వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతోంది.

"డాక్టరమ్మా, కడుపులో ఒకటే మంటమ్మా."

చౌడేశ్వరి ఒంటికాలి మీదే ఆగింది. "నాలిక చూపీ మామా."

సుబ్బరాయులు చూపించాడు.

"పచ్చిమిరక్కాయ మానేసి మజ్జిగ తాగు. తగ్గకపోతే ఆసుపత్రికి పో," అని చెప్పి పిల్ల మళ్లీ గెంతింది.

తగ్గింది. పెద్ద చదువులు చదివినవాళ్లలో ఎంతమంది ఇంత తొందరగా, ఇంత ఒప్పుగా చెబుతారు? అందులోనూ ఒంటికాలి మీద!

రెండో లాభం ఇంకా పెద్దది. రాజాంబాళ్ వాళ్లన్న పద్మనాభన్ ఆ పిల్లను తన కొడుక్కు చేసుకోవాలని ఉయ్యాలనాటి నుంచీ కాచుకొని ఉన్నాడు. కార్డు చూసి వెనక్కి తగ్గాడు. "నీ కూతురు మా అబ్బి నాడి పట్టుకొని కూచుంటే మగ్గం గుంటలో ఎవురు దిగేది చెల్లే?" అన్నాడు. చిన్నపిల్లలకు పెళ్లిళ్లు చెయ్యవద్దని సర్కారు ఎన్ని చట్టాలు చేసింది, ఎన్ని మీటింగులు పెట్టింది! ఒక్క కార్డు చేసిన పనిలో పావువంతు చేశాయా అవన్నీ?

ఎదురింటి భారతమ్మ అయితే చౌడేశ్వరిని ముందే మాట్లాడి పెట్టుకుంది. "నా మనవరాలి కాన్పుకి నువ్వే రావల్లమ్మా. ఇంకెవుర్నీ పిలిచేది లేదు," అని. అప్పటికి ఆమెకు మనవరాలు పుట్టలేదు. కొడుక్కు పెళ్లే కాలేదు. చూశారా, ముందుగా దరఖాస్తు పెట్టడమనే మంచి అలవాటు వీధంతా ఎట్లా పాకిందో!

అన్నిటికీ మించిన లాభం మరొకటుంది. మనిషి కదలకపోయినా ముందుగా పెట్టిన దరఖాస్తు దేశం చూసి వస్తుంది.

రాష్ట్రం రెండుగా చీలినప్పుడు బల్లలూ బీరువాలూ పంచుకున్నట్టే కాగితాలూ పంచుకున్నారు. మాతృభాష తెలుగు అని ఉన్న దరఖాస్తులను ఆ కాలేజీవాళ్లు మూటగట్టి కొత్త రాజధాని కర్నూలుకు తోలేశారు. శివప్రకాశం వేలూరు దాటి ఎరగడు. ఆయన కాగితం మాత్రం కర్నూలుకు పోయి డేరాల కింద కాపురం చేసింది. అక్కడివాళ్లు చదివి చూశారు. ఊరు గుడియాత్తం అని ఉంది. కొత్త రాష్ట్రం, కొత్త ఉత్సాహం కదా, అచ్చ తెలుగులో ఒక ఉత్తరం రాసి పడేశారు.

ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. ఆ వీధిలో అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే. చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. బడిలో నేర్చింది అరవం. తెలుగులో దేవుడికి మొక్కుతారు, తెలుగులో తిట్టుకుంటారు, తెలుగులో ఏడుస్తారు. రాసి ఇస్తే మాత్రం ముగ్గు చూసినట్టు చూస్తారు. చివరికి చిత్తూరునుంచి వచ్చిన గాజులాయన్ను పిలిచి చదివించుకున్నారు.

"మీ ఊరు మా రాష్ట్రంలో లేదంట. కాగితాన్ని వాపసు పంపించినారంట," అన్నాడు ఆయన.

సుబ్బరాయులు అడిగాడు. "కోపంగా రాసినారా, మర్యాదగా రాసినారా?"

"మర్యాదగానే రాసినారు."

"అయితే సరి," అనుకున్నారు అందరూ. ఆ ఉత్తరానికీ అద్దం కట్టించారు.

ఈలోగా చౌడేశ్వరి ఊరికే కూర్చోలేదు. మగ్గం చప్పుడులోనే చదివి హైస్కూలు ముగించింది. వేలూరు తొరపాడిలో మేనత్త ఇంట ఉండి పి.యు.సి. ఫస్టు క్లాసులో పాసయింది. ఆ ఏడు ఆ కాలేజీవాళ్లు వేలూరులోనే ఒక మేడ అద్దెకు తీసుకొని దరఖాస్తులు చూస్తున్నారని తెలిసి తండ్రీ కూతుళ్లు పోయారు. శివప్రకాశం అద్దం కట్టిన కార్డును సంచిలో పెట్టుకొని, వరసలో నిలబడినవాళ్లను చూసి లోలోపల నవ్వుకున్నాడు. పాపం, ఎండ ఎక్కాక గుంజలు తెచ్చినవాళ్లు!

గుమాస్తా ధనపాల్ మంచివాడు. కట్ట విప్పి వెతికాడు.

"ఉండాదప్పా, నీ కాగితం భద్రంగా ఉండాది. కర్నూలు పోయి తిరిగొచ్చింది గదా. అన్నిటికన్నా అడుగున ఉండాది."

"అడుగునా?"

"నీదే గదా అందరికన్నా ముందుది? తేదీ ప్రకారం పేర్చినాము. ముందొచ్చింది అడుగున. దానిమీద రెండోది, దానిమీద మూడోది. పైనుంచి తీసుకుంటా వచ్చినాము, సగం కట్టకే సీట్లు ముగిసిపోయె." ధనపాల్ కాగితాన్ని తిప్పి చూసి మెచ్చుకున్నాడు. "నీ పక్కన తప్పేమీ లేదప్పా. శానా ముందుగా పెట్టినావు."

తిరిగి వచ్చే బస్సులో శివప్రకాశం కార్డున్న సంచిని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. పళ్లికొండ దాటాక చౌడేశ్వరి అడిగింది.

"నాయనా, మగ్గం మీద మొదట నేసిండే మూర యాడుంటాది?"

"గుడ్డని కొయ్యకి చుట్టేకొద్దీ అడుక్కి పోతాది."

"విప్పితే ముందు ఏది వస్తాది?"

"కడాకి నేసింది," అన్నాడు శివప్రకాశం. అని, అరచెయ్యి పొట్టకు ఆనించుకున్నాడు. "ఆ కొయ్య ఇన్నేండ్లుగా నా కడుపుకి ఆనుకొనే ఉండె గదమ్మా."

అయినా నేతగాడు తెగిన దారం ముడివేస్తాడు గాని మగ్గం వదిలిపెట్టి పోడు. మరుసటి ఏడు ఆఖరి తేదీ సాయంత్రం తండ్రీ కూతుళ్లు కొత్త దరఖాస్తుతో ఆ మేడ ముందు నిలబడ్డారు. వచ్చినవాళ్లందరికీ దారి ఇచ్చారు. "మీరు పొండప్పా ముందు." "మాకేం అవసరం లేదమ్మా, మీరు పొండి." తెల్లవారకముందే వీధిని ఆక్రమించే శివప్రకాశం ఆ రోజు వేలూరు మొత్తంలో అంతటి మర్యాదస్తుడు లేడనిపించుకున్నాడు. బంట్రోతు తలుపు మూస్తుండగా చౌడేశ్వరి చెయ్యి లోపలికి చాచి కాగితం పెట్టింది. కట్టకు పైన, అన్నిటికన్నా పైన, తన కళ్లతో చూసి మరీ వచ్చింది.

కాని ఆ ఏడే పైవాళ్లకు ధర్మం గుర్తుకొచ్చింది. ముందు వచ్చినవాళ్లకు అన్యాయం జరుగుతోందని ఎవరో పత్రికకు రాశారట.

"కట్టని తిరగేసినామప్పా," అన్నాడు ధనపాల్, ఫలితం కనుక్కోవడానికి తండ్రీ కూతుళ్లు వెళ్లినప్పుడు. "ఇప్పుడంతా ముందొచ్చినోళ్లకే ముందు."

"మరి మాది?"

"అడుగున."

చౌడేశ్వరి అడిగింది. "అన్నా, ఒక మాట చెప్పు. సీట్లొచ్చినోళ్ల కాగితాలు యాడుండె? పైనా, నడానా?"

ధనపాల్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అవి కట్టలో యాడుండాయమ్మా? పెద్దోళ్ల జోబీల్లో వచ్చె. పోయినేడూ అంతే."

ఇంటికి వచ్చి చెబితే రాజాంబాళ్, "పైన పెట్టితిరి, కింద పెట్టితిరి. వచ్చే తడవ నడాన పెట్టి చూడండి," అంది. నవ్వుతుందేమోనని ఇద్దరూ ఆమె మొహం చూశారు. ఆమె నవ్వలేదు.

భారతమ్మ కోడలికి నొప్పులు వచ్చింది ఆ నెలలోనే. కాన్పు అడ్డం తిరిగింది. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది, మధ్యాహ్నం బస్సుదాకా ఆగే నొప్పులు కావవి. బండి కట్టారు. చౌడేశ్వరి కూడా ఎక్కి కోడలి చెయ్యి పట్టుకొని కూర్చుంది. శివప్రకాశం ఎద్దుల పగ్గాలు పట్టాడు. పాలారు ఇసుకలో, ఎప్పటిలాగే, చక్రం దిగబడింది.

"డాక్టరమ్మా, ఏమన్నా చెయ్యి తల్లీ," అంది భారతమ్మ.

చౌడేశ్వరి దిగింది. కొంగు నడుముకు చుట్టి చక్రానికి భుజం ఆనించి తోసింది.

అదృష్టం కొద్దీ బండి కదిలింది, వేలూరు చేరింది, తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. భారతమ్మ ఆనందంతో ఏడుస్తోంది. చౌడేశ్వరి కుళాయి దగ్గర చేతుల ఇసుక కడుక్కుంటోంది. కూతురి వైపు ఒకసారి చూసి, శివప్రకాశం ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చి కచేరీ దారి పట్టాడు. అణ్ణామలై ఇంకా ఆ వేపచెట్టు కిందే ఉన్నాడు.

"మళ్లా ఎవురికప్పా?"

"మా భారతమ్మ మనవరాలికి."

"ఏం పేరు?"

"ఇంకా పెట్టలేదు. నువ్వు రాయప్పా, పేరు తరవాత తెస్తాను."

కాబట్టి మీరూ ఆలస్యం చెయ్యకండి. ఈరోజే దరఖాస్తు పెట్టండి, ఎంత ముందుగా వీలైతే అంత ముందుగా. అడుగున మనబోటివాళ్లం లేకపోతే, పాపం, అంత పెద్ద కట్ట దేనిమీద నిలబడుతుంది?