బ్రాంట్లీగారూ, ఫ్రెంచి రిబ్బన్లూ

"సరుక్కి సరిహద్దేంటండీ! ఈ రోజు నుంచీ ఫ్రాన్స్ మనకి చెల్లెలు!"

ఇంగ్లండు పార్లమెంటుకి పోటీ చేస్తున్న మా బ్రాంట్లీగారు కోవెంట్రీ సంతలో బల్లెక్కి ఈ ప్రకటన చెయ్యగానే నాకైతే ఒళ్ళు పులకరించింది! సర్కారువారు ఫ్రెంచి పట్టు మీద సుంకం ఎత్తేశారు. ఇక ఎక్కడ చవకైతే అక్కడే కొనుక్కోవడం!

మా ఊళ్ళో సగం మంది పట్టు రిబ్బన్లు నేసేవాళ్ళే. ఏడేళ్ళు పని నేర్చుకున్న నేతగాడికి ఓటు కూడా ఉంటుంది. అలాంటి ఓటున్న ఈనక్ టాలిస్ పెళ్ళాన్ని వెంటేసుకుని ముందుకొచ్చాడు.

"అయ్యా, ఫ్రెంచివాళ్ళ దెబ్బకి మా మగ్గం ఆగిపోయింది. ఎన్నికల్లో మీవాళ్ళు చొక్కాలకి పెట్టుకునే రిబ్బన్ పువ్వుల పనైనా మాకిప్పించండి. లేకపోతే మగ్గం అమ్ముకోవాల్సిందే."

"నువ్వు నా తమ్ముడివోయ్! నీకు కాక ఎవరికిస్తాను?" అని బ్రాంట్లీగారు వాటేసుకున్నారు. ఎంత గొప్ప మనసు!

వారం తిరిగేసరికి రిబ్బన్లు దిగాయి. ఫ్రాన్స్ నుంచి.

"ఇదేంటయ్యా!" అన్నాడు ఈనక్.

"సగం ధరోయ్! ప్రేమ వేరు, బేరం వేరు," అని ఒక పువ్వు స్వయంగా ఈనక్ చొక్కాకి గుచ్చారు.

"సరిగ్గా గుండెకే గుచ్చారు. గురి బావుంది," అంది వాడి పెళ్ళాం కెజయా.

పోలింగు నాడు చూస్తే సంతలో ఇంకో బల్ల! దాని మీద పక్కూరి నుంచి వచ్చి పోటీకి నిలబడ్డ హోబ్డే అనే బక్కమనిషి. నేతవాళ్ళంతా అటే!

"పరాయి ఊరివాణ్ణి తెచ్చుకుంటారట్రా?" బ్రాంట్లీగారు అదిరిపడ్డారు.

"సరుకు ఒకటేనండీ. ఈయనా స్వేచ్ఛా వ్యాపారమే అంటాడు. కాకపోతే ఐదు నిమిషాల్లో అనేస్తాడు, కౌగిలింతలుండవు. మాకు చవకండీ," అన్నాడు ఈనక్.

బ్రాంట్లీగారు ఒక్క గెంతు గెంతి బల్లెక్కారు. "అన్యాయం! బయటినుంచొచ్చేవాళ్ళ మీద సుంకం వెయ్యాలి! ఊళ్ళోవాణ్ణి కాపాడుకోవాలి!"

అంతే, సంతంతా హోరెత్తిపోయింది. ఈలలు, కేకలు, టోపీలు గాల్లోకి!

"ఇప్పటికి మా బాధ తెలిసిందయ్యా మీకు!" అని ఈనక్ ఏడ్చేశాడు. నేతవాళ్ళంతా అందరి ముందూ బ్రాంట్లీగారి పేరే బిగ్గరగా చెప్పి ఓట్లేశారు. హోబ్డేకి ఒక్కటి పడితే ఒట్టు!

గెలుపు ఊరేగింపులో ఈనక్ బ్రాంట్లీగారి బండి పక్కనే పరిగెత్తాడు. "అయ్యా, మరి ఫ్రెంచి రిబ్బన్ మీద సుంకం ఎప్పుడు వేయిస్తారు?"

బ్రాంట్లీగారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"నీకెందుకోయ్ సుంకం? నువ్వేమైనా పోటీ చేస్తున్నావా?"