సర్కారుకు పచ్చినీళ్లు

"నల్లా నీళ్లల్ల సీసం ఉందేమో! పిల్ల మెదడు కరాబైతదేమో!" అన్నాను. అప్పటికింకా ఏమీ కాలేదు. మా హాసిని ఏడో ఎక్కం మరిచిపోయింది, అంతే.

"మరువాలంటే ముందుగాల రావాలె గదనే," అన్నారు మా ఆయన విజయేందర్.

ఈ దేశంలో నీళ్లు తాగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాటిలో ఏముందో తెలుసుకోవడానికి మాత్రం మూడు సంతకాలూ, ఆధార్ జిరాక్సూ కావాలి. (ఆధార్ నాదే. నీళ్లకు ఇంకా ఇవ్వలేదు.) అందుకని ఆబిడ్స్ నుంచి నాంపల్లిలోని గృహ నల్లా జల లోహ విచారణ ఉపకేంద్రానికి సీసా పట్టుకుని నడిచాను.

సహాయ లోహాధికారి గట్టయ్యగారు సీసాను వెలుతురులోకి ఎత్తి చూశారు.

"గింత తేటగున్నయేందమ్మా?"

"కాచి, వడగట్టి, సల్లార్చి తెచ్చిన సార్. సర్కారోళ్లకు పచ్చినీళ్లు ఎట్ల ఇస్తం?"

ఆయన సీసా దించి నా ముందుకు తోశారు. "కాస్తే పురుగు సస్తది గని సీసం సస్తదా? ఇగ దీంట్ల ఏం దొరికినా గది మీ గిన్నెది, మా పైపుది గాదు. పోయి పచ్చినీళ్లు తేండ్రి."

మర్నాడు తెచ్చాను. రసీదు ఇచ్చారు. ఫలితానికి నలభై అయిదు పనిదినాలు. పదకొండో నియమం ప్రకారం అప్పటిదాకా నీరు సురక్షితం. పన్నెండో నియమం ప్రకారం పదకొండో నియమానికి కార్యాలయం పూచీ లేదు.

"అయితే గన్ని దినాలు పిల్లకు డబ్బా నీళ్లు తాపిస్త," అన్నాను.

గట్టయ్యగారు ఉలిక్కిపడ్డారు. "అట్ల జేయకుండ్రి! ఫైలు బందైతది. నల్లా నీళ్లు తాగెటోళ్లకే ఫిర్యాదు హక్కు. పిల్ల దినాం ఒక గ్లాసు తాగాలె, పక్కింటోళ్లు చూసి సంతకం పెట్టాలె." (పక్కింటి పూలమ్మకు సంతకం రాదు. వేలిముద్రకు వేరే ఫారం ఉందట.)

"తొమ్మిదేండ్ల పిల్ల సార్. సీసమే ఉంటే? మీ బిడ్డకైతే ఏం తాపుతరు?"

ఆయన స్టాంపు పక్కన పెట్టారు. లైన్‌లో నా వెనక సీసాలు పట్టుకున్నవాళ్లంతా మెడలు చాచారు. గట్టయ్యగారు నియమావళి మొదటి పేజీ చూశారు, చివరి పేజీ చూశారు, అట్ట వెనక్కి కూడా తిప్పి చూశారు.

"మా బిడ్డ డబ్బా నీళ్లే తాగుతదమ్మా," అన్నారు చివరికి, మెల్లగా. "దాని ఫైలు నిరుడే బందు జేసిన."