మోటారు తర్వాత మామగారా?

ఆ రోజు అల్లుడి పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి, గడ్డం గీసుకోవాలి, ఉతికిన చొక్కా తొడుక్కోవాలి, తొమ్మిదిన్నరకల్లా అత్తవారింటికి చేరుకోవాలి, పది గంటలకు వచ్చే పరీక్షాధికారికి తాను వేసిన వైరింగు చూపించి పదకొండుకల్లా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ అయిపోవాలి. ఇంత చిన్న పథకంలో తప్పు దూరడానికి సందెక్కడుందని ఎవరైనా అనుకుంటారు. అల్లుడు అనుకోలేదు. ఇప్పటికే రెండుసార్లు తప్పినవాడు కాబట్టి, పళ్ళు తోముకునేటప్పుడే మూడోసారీ తప్పినట్టు మొహం పెట్టాడు.

కరెంటు పని చేసుకు బతకడానికి ఒక నిచ్చెనా ఒక స్క్రూడ్రైవరూ ఉంటే చాలనుకుంటారు జనం. అల్లుడూ అలాగే అనుకున్నాడు. అనుకునే, పదహారేళ్ళు పనిచేసిన సబ్బుల కంపెనీ స్టోర్సులోంచి రొమ్ము విరుచుకుని బయటికొచ్చేశాడు. అసలు సంగతి తర్వాత తెలిసింది. రెండేళ్ళ కోర్సు చదవాలి. అదీ, తనలో సగం వయసువాళ్ళ మధ్య బెంచీ మీద ఇరుక్కుని సూత్రాలు బట్టీపడుతూ. ఆపైన లైసెన్సున్న మేస్త్రీ దగ్గర ఏడాది చేతికింద పని. తర్వాత రాత పరీక్ష. అదీ గట్టెక్కితే, మనుషులు కాపురముంటున్న ఇంటికి మొదట్నించి చివరిదాకా ఒక్కడే వైరింగు చేసి, అధికారిని పిలిచి చూపించాలి. ఇన్ని గండాలు దాటితే గానీ సొంతంగా ఒకరి గోడ మీద స్విచ్చి బిగించకూడదు.

మొదటిసారి ఎర్తు వైరు దగ్గర దెబ్బతిన్నాడు. రెండోసారి పనంతా సరిగ్గానే ఉంది గానీ టైము చాలలేదు. ఏ వైరు ముట్టుకోబోయినా మూడుసార్లు టెస్టర్ పెట్టి చూడందే చెయ్యి ముందుకు వెళ్ళకపోవడం అతని జబ్బు. "చీటీని నమ్మకు, స్విచ్చిని నమ్మకు, నిన్ను నువ్వు అసలే నమ్మకు" అని కోర్సులో ఒక ముసలి మాస్టారు చెప్పారు. ఆ మాట మిగతావాళ్ళంతా నోటుబుక్కులో రాసుకున్నారు. అల్లుడు మాత్రం మనసుకు పట్టించుకున్నాడు.

ఇది మూడోసారి, ఆఖరిసారి కూడా. ఈసారి పోతే కోర్సు మళ్ళీ మొదట్నించి చదవాలి. ఆ ఓపిక అతనికీ లేదు, ఇంట్లో ఎవరికీ లేదు. బావమరిది తన పరుపుల కొట్లో అప్పుడే ఒక కుర్చీ వేయించేశాడు. "పరుపు షాకు కొట్టదు బావా, హాయిగా వచ్చి కూర్చో" అని కనిపించినప్పుడల్లా అంటున్నాడు. ఆ కుర్చీ తలుచుకుంటేనే అల్లుడికి అన్నం సహించడం లేదు.

అద్దెకుంటున్న ఇంటి యజమాని గోడకు మేకు కూడా కొట్టనివ్వడు కాబట్టి, పరీక్షకు అత్తవారిల్లే దిక్కయింది. ముప్ఫై ఏళ్ళ నాటి వైర్లు పీకి పన్నెండు రోజుల్లో కొత్తవి వేశాడు. హాల్లో కొత్త బోర్డు పెట్టి, రెండు వరసల్లో నాలుగేసి స్విచ్చిలు బిగించి, ముందురోజు సాయంత్రం ఒక్కోదాని కింద ఒక్కో చీటీ అంటించాడు. పై వరసలో మోటారు, మామగారి గది, అబ్బాయి గది (అంటే బావమరిదిది), హాలు. కింది వరసలో బాత్రూము, వంటగది, వీధి లైటు. చివరిదానికి ఏ వైరూ లేదు, దాని చీటీ మీద 'ఖాళీ' అని రాశాడు. పైపులోంచి వైర్లు ఏ వరసలో వస్తే చీటీలదీ అదే వరస.

మర్నాడు పొద్దున్న దుమ్ము దులుపుతూ అత్తగారు ఆ చీటీలు చదివారు. చదివి, చేతిలో గుడ్డ కింద పడేశారు.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి. మీరెక్కడున్నారో చూడండి."

"ఇక్కడే ఉన్నాగా," అన్నారు మామగారు.

"బోర్డు మీద! మోటారు తర్వాత ఉన్నారు. ఇక నా వంటగదినైతే ఏకంగా బాత్రూము పక్కన కూర్చోబెట్టాడు."

"పోనీలేద్దూ. తొందరలో ఏదో రాసుంటాడు."

"ఎలా పోనిస్తాను? ఆఫీసరు చూస్తే ఏమనుకుంటాడు? పెద్దంతరం చిన్నంతరం తెలీని ఇల్లనుకోడూ? అల్లుడికే కదా చెడ్డపేరు!"

పాపం, ఆవిడ ఉద్దేశం మేలిమి బంగారం. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు కాబట్టి చీటీలు గోటితో లేపితే లేచివచ్చాయి. మామగారిని మొదటి స్థానంలో ఉంచి, పక్కన వంటగదిని పెట్టి, ఆ తర్వాత హాలు, అబ్బాయి గది అంటించారు. మోటారుని కింది వరసకు దించి బాత్రూముకు ముందు అంటించారు. చివర్న 'ఖాళీ' దగ్గర ఆగిపోయారు. ఇల్లంతా వైర్లు వేసినవాడి పేరు ఎక్కడా లేదు! ఆ చీటీ పీకేసి, 'అల్లుడుగారు' అని స్వహస్తంతో రాసి అంటించి, తృప్తిగా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు.

పది కొట్టేసరికి పరీక్షాధికారి వచ్చాడు. సన్నటి మనిషి, నవ్వు ఎక్కడో మర్చిపోయి వచ్చినవాడిలా ఉన్నాడు. వాకిట్లో స్కూటర్ ఆపి, సంచి దాని మీదే వదిలి, అట్టకు బిగించిన కాగితంతో లోపలికొచ్చాడు.

"అభ్యర్థి మీరేనా?"

"నేనేనండీ," అన్నాడు అల్లుడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"వంటగదికి కరెంటు ఆపండి."

అల్లుడు కంగారులో వరస చూడకుండా, 'వంటగది' అన్న చీటీ ఒక్కటే చూసి ఆ స్విచ్చి దించాడు. అది నిజానికి మామగారి గదిది. ఇద్దరూ వంటగది వైపు అడుగు వేశారో లేదో, లోపల వార్తలు చదువుతున్న టీవీ మాట మధ్యలో ఆగిపోయింది.

కరెంటు పోతే వెళ్ళి వెయ్యడం ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా మామగారి హక్కు. కళ్ళజోడు సవరించుకుంటూ బోర్డు దగ్గరికి వచ్చారు. 'మామగారి గది' అన్న స్విచ్చి దిగి ఉంది. "ఇదిగో, నాది పడిపోయింది!" అంటూ పైకెత్తారు. అది మోటారుది. ట్యాంకు తెల్లవారుజామునే నిండిపోవడం వల్ల, ఇక వచ్చే నీళ్ళకు వాకిలి తప్ప వేరే దారి లేకపోయింది.

"వాన పడుతోందా?" అన్నాడు అధికారి, కిటికీలోంచి ఎండ చూస్తూ.

అందరూ వాకిట్లోకి పరిగెత్తారు. ట్యాంకు గొట్టం సరిగ్గా స్కూటర్ మీదికే గురిపెట్టినట్టు పోస్తోంది. "ఆ సంచిలో మిగతావాళ్ళ పరీక్ష కాగితాలున్నాయి," అన్నాడు అధికారి నెమ్మదిగా. అని, చేతిలో ఉన్న కాగితం మీద ఏదో రాశాడు.

అల్లుడు అది చూశాడు. మళ్ళీ లోపలికి పరిగెత్తి, 'మోటారు' అని ఉన్న స్విచ్చి ఠక్కున దించాడు. నీళ్ళు ఆగలేదు. బాత్రూములోంచి మాత్రం ఒక గావుకేక వచ్చింది. ఆ తర్వాత తలనిండా నురగతో, నడుముకు తువ్వాలుతో బావమరిది గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు.

"ఏం బావా! కొట్లో కూర్చోమన్నందుకు ఇలా పగ తీర్చుకుంటావా?"

అధికారి మళ్ళీ రాశాడు. ఈసారి రెండు వరసలు రాశాడు. చివరికి అల్లుడి వెంట వచ్చిన అతని భార్య పెరట్లోకి వెళ్ళి మోటారు ప్లగ్గు పీకేస్తే గానీ ఆ జలప్రళయం ఆగలేదు.

అల్లుడికి ఇక అనుమానం లేదు. తను చూసిన చీటీలు తన దస్తూరీయే, స్విచ్చిలన్నీ తన చేత్తో బిగించినవే. అంటే పన్నెండు రోజులూ ఇల్లంతా తప్పుగా వైర్లు వేసుకుంటూ వచ్చాడన్నమాట. నలభై రెండేళ్ళ వయసులో మూడేళ్ళ చదువూ, భార్య నగుమొహంతో ఓర్చుకున్న అవమానాలూ, అన్నీ ఆ వాకిట్లో నీళ్ళతో పాటు వీధిలోకి పోతున్నాయి. ఏడుపొచ్చింది. పరుపుల కొట్లో కుర్చీ కళ్ళముందు కనిపించింది, దానికి వేసిన గళ్ళ గుడ్డతో సహా.

"ఇంకా అయిపోలేదుగా. వెళ్ళండి," అంది భార్య, తడిసిన కాగితాలు కొంగుతో అద్దుతూ.

"అయిపోయింది," అన్నాడతను. అని వెళ్ళాడు.

అధికారి వంటగదిలో నిలబడి ఉన్నాడు. "ఆ ప్లగ్గు విప్పి లోపల కనెక్షను చూపించండి."

"అలాగేనండీ."

"ఇక్కడ కరెంటు ఆపారుగా?"

"ఆపానండీ."

"మరి కానివ్వండి. ఇంకా రెండిళ్ళకు వెళ్ళాలి."

"కానీయ్ బావా, చలేస్తోంది," అన్నాడు గుమ్మంలోంచి నురగ.

"కానివ్వండి బాబూ, పాపం ఆయన నిలబడే ఉన్నారు," అన్నారు అత్తగారు.

అల్లుడు స్క్రూడ్రైవరు తీశాడు. పోయినసారి ఆలస్యమే కొంప ముంచిందని బాగా గుర్తుంది. స్క్రూడ్రైవరు ప్లగ్గుదాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఎంత తోసినా చెయ్యి ముందుకు పోలేదు. జేబులోంచి టెస్టర్ తీసి, ముందు హాల్లో ప్లగ్గుకు పెట్టి అది పనిచేస్తోందని చూసుకున్నాడు. తర్వాత వంటగది ప్లగ్గులో పెట్టాడు. వెలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వెలిగింది. మూడోసారీ పెట్టాడు. బావమరిది తల పట్టుకున్నాడు.

"ఇందులో కరెంటు ఉందండీ," అన్నాడు అల్లుడు. స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. "ఎందుకుందో నాకు తెలీదు. ఫెయిల్ చేస్తే చెయ్యండి. నేను మాత్రం విప్పను."

అధికారి తన టెస్టర్ తీసి పెట్టి చూశాడు. అదీ వెలిగింది. బోర్డు దగ్గరికి వెళ్ళి, చీటీలన్నీ వరసగా చదివి, చివరిదాని దగ్గర ఆగాడు.

"ఈ 'అల్లుడుగారు' ఏ గదండీ?"

"గది కాదండీ, అది ఖాళీ," అన్నారు అత్తగారు ముందుకొచ్చి. "అందరి పేరూ ఉండి మా అల్లుడి పేరు లేకపోతే బాగోదని నేనే రాశాను. వరస కూడా నేనే సరిచేశానండీ. లేకపోతే ఇంటాయన మోటారు తర్వాత ఉన్నారు."

అధికారి అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. మర్చిపోయి వచ్చిన నవ్వు అప్పుడు దొరికినట్టుంది.

"అమ్మగారూ, టెస్టర్ పెట్టి చూస్తారో లేదో తెలుసుకోడానికి మా సెంటర్లో ఉత్తుత్తి బోర్డు మీద మేమే చీటీలు తారుమారు చేస్తాం. పదిమందిలో ఏడుగురు చీటీని నమ్మి స్క్రూడ్రైవరు పెట్టేస్తారు. ఇంట్లోవాళ్ళే శ్రమపడి ఈ పరీక్ష పెట్టడం నా సర్వీసులో ఇదే మొదటిసారి."

"అంటే... బాబు కూడా నమ్మి పెట్టేసి ఉంటే?" అన్నారు అత్తగారు.

ఆవిడ మొహం పాలిపోయింది. గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు. మామగారు వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

"మరి ఇందాకట్నించీ మీరు రాసిందంతా?" అన్నాడు అల్లుడు భయంగా. అధికారి కాగితం తిప్పి చూపించాడు. 'ఇంట్లోవాళ్ళు బోర్డు ముట్టుకుంటారు, జాగ్రత్తలు చెప్పాలి. అభ్యర్థి ఎంత గందరగోళంలోనూ నిబ్బరంగా ఉన్నాడు' అని ఉంది. అది నిబ్బరం కాదనీ, నోరు పెగలకపోవడమనీ అల్లుడు చెప్పలేదు. దాని కింద అధికారి 'ఉత్తీర్ణుడు' అని రాసి సంతకం పెట్టాడు. వారంలోగా చీటీలూ వైర్లూ ఒకదానికొకటి కలిసేలా చేసి ఫోటో పంపమని చెప్పి, తడిసిన స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

భార్య గబగబా వచ్చి అతని చెయ్యి పట్టుకుని, పదివేళ్ళూ ఉన్నాయో లేదో చూసుకున్నట్టు చూసుకుంది. అల్లుడు ఆ చెయ్యి విడిపించుకుని, కళ్ళు తుడుచుకుని, చీటీలు పీకడానికి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే అత్తగారు తేరుకుని బోర్డుకు అడ్డంగా నిలబడ్డారు.

"చీటీల జోలికి వెళ్ళకండి బాబూ. మావయ్యగారిని ఒకసారి ముందు కూర్చోబెట్టాక, మళ్ళీ వెనక్కి నెట్టడం ఏం మర్యాద?"

"అత్తయ్యగారూ, ఆఫీసరుగారు చీటీలూ వైర్లూ కలవాలన్నారండీ."

"కలవాలనే కదా అన్నాడు? ఏవి మార్చాలో చెప్పలేదుగా!"

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌గా అల్లుడు చేసిన మొట్టమొదటి పని అదే. ఒక పూటంతా నిచ్చెన మీద నిలబడి, ఇంటి వైర్లన్నీ పెద్దంతరం చిన్నంతరం ప్రకారం మార్చి బిగించాడు. ఆ సంతోషంలో అత్తగారు అతని చీటీని కింది వరస చివర్నించి తీసి, పై వరసలో మామగారి పక్కనే, స్విచ్చి లేని ఖాళీ జాగాలో అంటించారు.

దానికి మాత్రం ఇప్పటికీ ఏ వైరూ లేదు.