నిండు పీపా

ఆ శనివారం ఉదయం ఆన్సెల్మ్ పెట్టుకున్న పని ఒక్కటే. నేలమాళిగలో ఉన్న పీపాలోని ఎర్ర వైన్‌ను సీసాల్లోకి పట్టాలి. మర్నాడు కూతురు సొలాంజ్ పెళ్లి.

ఫ్రాన్సులో మా బూర్గోన్ చలిలో ద్రాక్ష పండడమే గగనం. పైగా రెండేళ్ల కిందట వసంతంలో మంచు తోటను మాడ్చేసింది. మిగిలిన కాయంతా పిండితే ఒక్క పీపా వచ్చింది. కానీ ఏం వైన్ అది. అంతకుముందు చేసినవన్నీ దాని ముందు దిగదుడుపే.

వియ్యంకుడు అమెదేది వైన్‌కు పేరుమోసిన బోర్దో. నిశ్చితార్థం నాడు ఆయన గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసి, "బావగారూ, ఇది వైనా, గ్లాసు కడిగిన నీళ్లా?" అన్నాడు. ఆన్సెల్మ్ ఆ రాత్రి భోజనం ముట్టలేదు. పెళ్లి విందులో ఈ పీపాతోనే ఆ నోరు మూయించాలని పంతం పట్టాడు.

ఇప్పుడా అమెదే చేతులు వెనక్కి కట్టుకుని చూడవచ్చాడు. ఆన్సెల్మ్ పీపాను వేలితో కొట్టి, "నిండుకుండ తొణకదండీ, వినండి" అని కుళాయి తిప్పాడు. సగం సీసాలు కూడా నిండకుండానే ధార సన్నబడి ఆగిపోయింది.

"మడ్డి అడ్డుపడి ఉంటుంది" అని తీగతో పొడిచాడు. చుక్క రాలేదు.

"ముందుకు వంచండి" అంది భార్య ఒదీల్. ఆన్సెల్మ్ ముసలి తండ్రి గాస్పార్‌తో సహా నలుగురూ భుజాలు ఆనించారు. పీపా ఉన్నచోటు నుంచి కదలలేదు.

"ఇంత బరువుందంటే లోపల ఇంకా బోలెడుంది" అన్నాడు అమెదే. ఆన్సెల్మ్‌కు ప్రాణం లేచొచ్చింది. సుత్తి తెచ్చి పైపలక ఊడగొట్టాడు. లోపల అంచుదాకా గులకరాళ్లు.

పీపాలో మట్టం తగ్గి గాలి చేరితే వైన్ పులిసి వినెగర్ అవుతుంది. అందుకే కాస్త తగ్గినప్పుడల్లా కడిగిన రాయి వేసి మట్టం పైకి తేవడం తాతల నాటి పద్ధతి. అమెదేకు ఇది తెలియదు. "ఎవరు వేశారివి?" అని అడిగాడు.

ఒదీల్ నేల చూపులు చూసింది. "ఎలా ఉందో రుచి చూసుకోవద్దూ? గుటకకో రాయి వేశాను. ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటే, ఎంత తాగినా తరగడం లేదని సంబరపడ్డాను."

"నిండుగా ఎందుకుండదు, నేనూ వేశానుగా" అన్నాడు గాస్పార్. "పెద్దవాణ్ని. నాకు గుటకకు రెండు పట్టేవి."

"ఇంటి పరువు తాగేశారు మీరిద్దరూ" అన్నాడు ఆన్సెల్మ్.

"మన ఏట్లో రాళ్లు అయిపోయాయని పక్కూరి నుంచి బస్తా మోసుకొచ్చింది ఎవర్రా?" అన్నాడు గాస్పార్.

ఆన్సెల్మ్ మూలనున్న ఖాళీ బస్తాను కాలితో పీపా వెనక్కి నెట్టాడు. బోర్లించిన బుట్ట మీద కూలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "రేపు నలుగురిలో తలెత్తుకునేదెలా?" అన్నాడు. పాపం, ఆ ఏడుపు నిజమైనదే. మంచు పడ్డ నాడు కూడా అతను ఏడవలేదు.

ఓదార్చడానికి ఏదో ఒకటి చేయాలని అమెదే ఒక సీసా వంచి గ్లాసులో పోశాడు. ఇచ్చేముందు మర్యాదకు తాను ఒక గుక్క తాగాడు. ఆ గ్లాసు ఆన్సెల్మ్‌కు ఇవ్వలేదు. ఇంకోటి పోసుకున్నాడు.

"బావగారూ" అన్నాడు రెండో గ్లాసు ఖాళీ చేసి. "ఆ రోజు నేనన్న మాట తప్పు. నా జన్మలో ఇలాంటిది తాగలేదు."

ఆన్సెల్మ్ కళ్లు తుడుచుకున్నాడు. నిశ్చితార్థం నాటి నుంచి ఈ మాట కోసమే ఎదురుచూశాడు. లేచి తనకూ ఒక గ్లాసు పోసుకున్నాడు.

మర్నాడు విందులో అందరికీ అమెదే కారులో తెచ్చిన బోర్దో వైన్ పోశారు. పెళ్లికూతురి తండ్రి సీసాల సంగతేమిటని అడిగినవాళ్లకు, అవి ఇంకో పదేళ్లు ఆగాలని వియ్యంకులిద్దరూ తూలిపడకుండా ఒకరిని ఒకరు పట్టుకుని నిలబడి చెప్పారు.